చెయ్యి కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చున్న షహనాజ్

షహనాజ్ రోజూ ఫజర్ నమాజు చదువుకుని, కింద పరిచిన జానమాజు మడిచి కుర్చీ వీపు మీద వేసి, వంటింట్లోకి వచ్చేది. పొయ్యి వెలిగించకముందే ఉప్పు సీసా మీద చెయ్యి పెట్టి స్పానిష్‌లో "సాల్" అనేది. చక్కెర డబ్బా మీద పెట్టి "అసూకర్" అనేది. పాలు "లెచె", చెంచా "కుచారా", కిటికీ "బెంతానా". ఇలా వంటిల్లంతా ఒక చుట్టు తిరిగి, చివర తలుపు గొళ్ళెం పట్టుకుని "ప్వెర్తా" అన్నాకే చాయ్‌కి నీళ్ళు పెట్టేది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారని, తన మాట గోడలకు తప్ప ఎవరికీ వినపడదని ఆమె నమ్మకం.

పక్క గదిలో ఆ ఇంటామె తల్లి, ముసలామె ఎన్‌కార్నా మాత్రం మెలకువగానే ఉండేది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని అంతా వినేది. ఏ మాట తప్పు పోయిందో గుర్తు పెట్టుకుని, పొద్దెక్కాక ఏదో వంక పెట్టుకుని ఆ మాటనే షహనాజ్ చెవిన పడేలా సరిగ్గా పలికేది. "తల్లీ, ఆ కుచారా ఇలా అందుకో" అనేది, చేతిలో చెంచా ఉండగానే. తప్పు దిద్దుతున్నట్టు కనిపించకుండా తప్పు దిద్దడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆ గుణం దేవుడు కొందరికే ఇస్తాడు.

షహనాజ్‌ది బోధన్. పెనిమిటి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. ఆయన పోయాక కొడుకు అద్నాన్ ఖతర్ వచ్చి, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఫోన్లు బాగుచేసే కొట్టులో కుదురుకున్నాడు. రెండేళ్ళకు ఆమె కూడా వచ్చి అల్ అజీజియాలో ఒక చిన్నపిల్లల బడిలో ఆయాగా చేరింది. బోధన్‌లో చుట్టాలు ఇప్పటికీ "షహనాజ్ దుబాయ్‌ల ఉన్నది" అనే చెప్పుకుంటారు. ఆమె కూడా దిద్దదు.

బడిలో ఆమె పని పిల్లల ముక్కులు తుడవడం, బట్టలు మార్చడం, ఏడ్చేవాళ్ళను ఎత్తుకుని ఊరుకోబెట్టడం. ఊరుకున్న పిల్లను తరగతి గుమ్మం దాకా మోసుకెళ్ళి, అక్కడ దించి వెనక్కి తిరగాలి. ఆయాలు లోపలికి పోకూడదన్నది బడి నియమం. తలుపు మూసుకున్నాక లోపల పాటలు వినిపించేవి. చీపురు చేత పట్టుకుని ఆ పాటలు వింటూ షహనాజ్ అక్కడే ఒక నిమిషం నిలబడిపోయేది. చిన్నప్పుడు అయిదో తరగతితో చదువు మాన్పించిన రోజు కూడా ఆమె బడి గుమ్మం దగ్గర అలాగే నిలబడింది.

అల్ అజీజియాకు ఆటల మైదానాలు దగ్గర. ఆటలు నేర్పడానికి వచ్చిన స్పెయిన్ వాళ్ళు, మెక్సికో వాళ్ళు కుటుంబాలతో అక్కడే ఉంటారు. వాళ్ళ పిల్లల కోసం సెప్టెంబరు నుంచి స్పానిష్ మాట్లాడే తరగతి ఒకటి తెరవాలని బడివాళ్ళు అనుకున్నారు. దానికి ఒక టీచరు, టీచరుకు తోడుగా ఇంకొకరు కావాలి. ఆ సంగతి సూపర్‌వైజర్ సుభాషిణి అందరికంటే ముందు షహనాజ్‌కే చెప్పింది. సుభాషిణిది తెనాలి వైపు. భర్త ఇంజనీరు.

"షహనాజ్ గారూ, ఆ తోడు టీచరు ఉద్యోగానికి మీరెందుకు ప్రయత్నించకూడదండీ? పిల్లలు మీ కొంగు వదలరు కదా."

"నేనా మేడమ్? ఇంగ్లీషే నాకు సగం సగం. గా స్పానిష్ ఏడికెళ్ళి రావాలె?"

"ఎందుకు రాదండీ? తెలుగొచ్చు, ఉర్దూ వచ్చు, ఇక్కడికొచ్చి అరబ్బీ కూడా పట్టేశారు. నన్ను చూడండి, ఇన్నేళ్ళయినా యల్లా, మాఫీ తప్ప నోరు తిరగదు."

"లోపల కూసోనిస్తరా మేడమ్? తరగతిల?"

"కూర్చోవడమేంటి, పాటలు కూడా మీరే పాడించాలి. కాకపోతే పిల్లల తల్లులు కొందరు మిమ్మల్ని కూర్చోబెట్టి స్పానిష్‌లో మాట్లాడించి చూస్తారు. వాళ్ళు సరేనంటేనే ఉద్యోగం."

ఆ మాట బడిలో పాకి, స్పెయిన్ నుంచి వచ్చిన మార్తా చెవిన పడింది. మార్తా కూతురు లూసియాకు షహనాజ్ చంక దిగడమే ఇష్టం ఉండేది కాదు. మార్తా భర్త ఫుట్‌బాల్ నేర్పుతాడు. ఆమె తల్లి ఎన్‌కార్నా, భర్త పోయాక కూతురి దగ్గరకు వచ్చి, పగలంతా ఒక్కతే ఇంట్లో ఉంటోంది. మార్తా సుభాషిణితో అంది: "షహనాజ్‌ను మా ఇంట్లో ఉండనివ్వండి. భాష ఆమెకు వస్తుంది, తోడు మా అమ్మకు దొరుకుతుంది. కానీ మా ఇంట్లో ఆమె పనిమనిషి కాదు, అతిథి." బడివాళ్ళు ఒప్పుకుని అనుమతి కాగితం ఇచ్చారు.

అద్నాన్ ఈ కబురు విని పకపకా నవ్వాడు. "అమ్మీ, గీ వయసుల బళ్ళె చేరినవా? టిఫిన్ డబ్బా కట్టియ్యాల్నా?"

"కట్టియ్యిరా. నిన్ను బడికి తోలిననాడు నేను కట్టియ్యలేదా?"

ఆ ఇంట్లో షహనాజ్‌కు జరిగిన మర్యాదలు ఒకటా రెండా! మార్తా ఆమె కోసం వేరే గిన్నెలు, వేరే పెనం కొంది. మాంసం కొట్టులో ఎన్‌కార్నా ప్రతిసారీ "హలాల్?" అని అడిగేది, అక్కడున్నదంతా హలాలేనని తెలిసి కూడా. అజాన్ వినపడగానే టీవీ గొంతు తగ్గించేది. మొదటి రోజు షహనాజ్ పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి పోబోతే, ఎన్‌కార్నా ఆ పళ్ళెం లాక్కుని బల్ల మీద తన పక్కన పెట్టింది. షహనాజ్ వచ్చి కూర్చునేదాకా గరిటె ముట్టలేదు. చేత్తో తింటానని సైగ చేస్తే, "నీ చెయ్యి, నీ అన్నం" అన్నట్టు భుజాలు ఎగరేసి నవ్వింది.

అంత బాగా చూసుకునే ఇంట్లో ఉండి కూడా షహనాజ్‌కు మాట రాలేదు. పేర్లు వచ్చాయి. వంటింట్లోవి, బట్టల బీరువాలోవి, బజారులోవి అన్నీ వచ్చాయి. పేరును పేరుతో కలిపి ఒక సంగతి చెప్పబోతే మాత్రం రెండో పేరు దగ్గరే ఆగిపోయేది.

జనవరి చివర తల్లులు ఆమెను పిలిచి మాట్లాడించారు. ముగ్గురు కూర్చున్నారు. అందులో మెక్సికో నుంచి వచ్చిన పావోలా అనే ఆమె అడిగింది: "ఒక పిల్లవాడు పొద్దున్నే ఏడుస్తున్నాడు. మీరేం చేస్తారు?"

ఆ పని ఆమె రోజూ చేసేదే. కళ్ళు మూసుకుని చేయగలదు. నోరు తెరిస్తే మాత్రం వచ్చినవి నాలుగు మాటలు: "నీళ్ళు. చెయ్యి. బొమ్మ. కిటికీ." ఆ తర్వాత ఎంత వెతికినా ఇంకేమీ దొరకలేదు. తల్లులు మంచివాళ్ళు, ఎవరూ నవ్వలేదు. ఈద్ తర్వాత ఇంకోసారి చూద్దామన్నారు. అప్పటికీ రాకపోతే వేరేవాళ్ళను వెతుక్కోక తప్పదని కూడా మెల్లగా చెప్పారు.

బయటికి వచ్చి బెంచీ మీద కూలబడిన షహనాజ్‌కు సుభాషిణి మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చి పక్కనే కూర్చుంది.

"అక్కడే ఉంటున్నారు కదండీ. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకోరా?"

"మాట్లాడరు మేడమ్. ఎవల పనికి వాళ్ళు పోతరు. బువ్వకాడ అందరం కూసుంటం. తినుడు కాంగనే లేస్తం."

సుభాషిణి కనుబొమలు ముడిచింది. "తిని లేస్తారా? ఆ ఇంట్లోనా? కిందటేడు లూసియా పుట్టినరోజుకు వెళ్తే, భోజనమయ్యాక నన్ను సాయంత్రం అసర్ అజాన్ దాకా లేవనివ్వలేదండీ! తిన్న పళ్ళేలు ముందు పెట్టుకుని ఒకటే కబుర్లు. నాకు నడుం పట్టేసింది. ఎవరు ముందు లేస్తున్నారు, మీరేనా?"

షహనాజ్ సీసా మూత తిప్పుతూ ఆలోచించింది. లేస్తున్నది తనే.

ఎంగిలి చెయ్యి ఎండనివ్వకూడదని, ఎండితే ఇంటికి మంచిది కాదని తల్లి చెప్పింది. ఖాళీ పళ్ళెం ముందు కూర్చున్న కోడలిని అత్తగారింట్లో "ఇంకా ఎవలన్న వడ్డిస్తరని చూస్తున్నవా?" అని దెప్పేవారు. భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ మీద ఆఖరి మనిషి తినడం కాగానే లేవాలి, కడగాలి, ఎత్తాలి. మార్తా ఇంట్లో మొదటి రోజు పళ్ళేలు ఖాళీ అయినా అందరూ కదలకుండా కూర్చుంటే, తను ఎత్తాలని చూస్తున్నారేమో అనుకుని లేచి చెయ్యి కడుక్కుని పళ్ళేలు తీసేసింది. "వదిలెయ్" అని మార్తా అంటే అది మర్యాద కోసమనుకుంది. నాలుగు రోజులు పోయాక, ఆమె లేవగానే వాళ్ళు కూడా లేచి ఎవరి పళ్ళెం వాళ్ళు తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఎంత మంచి మనుషులు, నాకు పని మిగల్చట్లేదు అని లోలోపల వాళ్ళ మేలు కోరి దువా కూడా చేసింది.

ఆ శుక్రవారం భోజనం అయింది. షహనాజ్ లేచింది. ఆమెతోపాటు అందరి కుర్చీలూ వెనక్కి జరిగాయి. ఆమె రెండు చేతులూ ఎత్తి వాళ్ళను ఆపింది. కొళాయి దగ్గరకు పోయి చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, మళ్ళీ వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

ఎదురుగా కోడి బొమికలు, రొట్టె తునకలు, నిమ్మ తొక్కలు. ఆమె చేతులు వాటంతట అవే పళ్ళెం వైపు పోబోతే, ఒడిలో పెట్టుకుని వేళ్ళు ముడిచి పట్టుకుంది. కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకు అంతవరకూ తెలియదు.

ఎన్‌కార్నా కళ్ళు ఒక్కసారి వెలిగాయి. మార్తా వైపు తిరిగి గబగబా ఏదో అంది. మార్తా చెంపలు రెండూ చేతులతో కప్పుకుంది. కొంత ఇంగ్లీషులో, కొంత సైగల్లో అసలు సంగతి బయటపడింది. తిన్న వెంటనే లేవాలని షహనాజ్ మతంలో నియమం ఉందేమోనని వాళ్ళు అనుకున్నారట. ఆమె ఒక్కతే లేస్తే చిన్నబుచ్చుకుంటుందని, కబుర్లు మానేసి అందరూ లేవడం అలవాటు చేసుకున్నారట. అడిగితే బాగుండదని అడగలేదట.

షహనాజ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ మర్యాద కోసం ఆమె, ఆమె మర్యాద కోసం వాళ్ళు, నెలల తరబడి ఆ ఇంట్లో మాటల మీద మూత పెట్టుకుని కూర్చున్నారు.

"సోబ్రెమెసా," అంది ఎన్‌కార్నా, బల్ల మీద అరచేత్తో తట్టి. తిన్నాక కూర్చునే ఈ కూర్చోవడానికి వాళ్ళ భాషలో అదీ పేరు. పేరు పెట్టుకున్నారంటే దాన్ని ఎంతగా చూసుకుంటారో అర్థం చేసుకోవచ్చు.

ఆ రోజు ఎన్‌కార్నా తన ఊరి గురించి మొదలుపెట్టింది. స్పెయిన్‌కు దక్షిణాన, సముద్రం ఒడ్డున. తండ్రి కూలికి పోయేవాడు. ఏం కోసేవాడో షహనాజ్‌కు అర్థం కాలేదు. ఎన్‌కార్నా లేచి నిలబడి, వంగి, కొడవలితో మొదలంటా నరికినట్టు చూపించింది. తర్వాత ఒక కర్రను పళ్ళతో చీల్చి నమిలినట్టు, గడ్డం మీద కారిన రసం తుడుచుకున్నట్టు చూపించింది.

"చెరుకా!" అని షహనాజ్ తెలుగులోనే కేక పెట్టింది.

"కాన్యా" అంది ఎన్‌కార్నా.

"కాన్యా! మా ఆయన... కాన్యా..." షహనాజ్ బల్ల మీద ఉప్పు సీసాను బండిగా చేసి, రెండు చెంచాలను ఎడ్లుగా కట్టి, నిమ్మ తొక్కలను దాని మీద ఎత్తుగా పేర్చి నడిపించింది. "నా మనిషి. బండి. రాత్రి. ఫ్యాక్టరీ. చక్కెర." ఒక్కొక్క పేరు పడేసి ఆగుతుంటే, మధ్యలో ఉండాల్సిన మాటను ఎన్‌కార్నా అందించేది. తోలేవాడు, ఎదురుచూసేదాన్ని, వచ్చేవాడు. షహనాజ్ ఆ మాటను అందుకుని ముందుకు పోయేది. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే క్రషింగు రోజుల్లో ఊరంతా పట్టే తీపి వాసన గురించి చెప్పబోయి మాట దొరక్క, ముక్కు ఎగబీల్చి కళ్ళు మూసుకుంది. ఎన్‌కార్నా కూడా అలాగే ముక్కు ఎగబీల్చి కళ్ళు మూసుకుంది. కాసేపు ఆ ఇద్దరూ ఎక్కడ ఉన్నారో వాళ్ళకే తెలియాలి. అసర్ అజాన్ వినపడేసరికి పళ్ళేలు బల్ల మీదే ఎండిపోయి ఉన్నాయి. ఇంటికి చెడేమీ జరగలేదు.

అప్పటి నుంచి ప్రతి భోజనం తర్వాత కూర్చోవడమే. షహనాజ్ చెయ్యి కడుక్కుని వస్తుందని తెలిసి, ఆమె వచ్చేదాకా ఎన్‌కార్నా కథ మొదలుపెట్టేది కాదు. రంజాన్ నెలలో ముసలామె పగటి భోజనం చేసినా, రాత్రి భోజనం మాత్రం పొద్దు గుంకి మగ్రిబ్ అయ్యేదాకా ఆపుకునేది. "ఒంటరిగా తింటే ఎవరితో కూర్చోను?" అనేది. ఖర్జూరం చేతికిచ్చి, పెనిమిటి తనకు ఏ పూల అంగీ వేసుకుని మొదట కనిపించాడో చెప్పేది. షహనాజ్ తన నిఖా నాటి సంగతులు చెప్పేది. తప్పులు కుప్పలు కుప్పలు. కానీ సంగతి ఆగేది కాదు. ఒకరోజు అత్తగారి దెప్పుళ్ళు అభినయించి చూపిస్తే, మార్తా భర్త కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు. తన మాటకు స్పానిష్ వాళ్ళు నవ్వుతారని షహనాజ్ కలలో కూడా అనుకోలేదు.

ఈద్ అయింది. తల్లులు మళ్ళీ పిలిచారు. అదే గది, అదే ముగ్గురు. మధ్యలో కాఫీలు, బిస్కెట్లు. గుమ్మం దగ్గర షహనాజ్ బిస్మిల్లా అనుకుని లోపలికి అడుగు పెట్టింది. పావోలా అదే ప్రశ్న వేసింది. "ఒక పిల్లవాడు పొద్దున్నే ఏడుస్తున్నాడు..."

"ఎవరా పిల్లవాడు? పేరేమిటి?" అని షహనాజ్ స్పానిష్‌లో అడిగింది.

"పేరేమీ లేదు. ఊరికే, అనుకుందాం అంతే."

"పేరు లేని పిల్లవాడిని నేనెలా పిలిచేది? పిలవకుండా ఎలా ఊరుకోబెట్టేది?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. పావోలా చిన్నగా నవ్వి, "సరే, మతెయో అనుకోండి. మా వాడు," అంది.

"మతెయోను ఇంట్లో ఎవరు నిద్రపుచ్చుతారు?"

"ఇక్కడైతే నేనే. మా ఊళ్ళో మా అత్తగారు. ఆవిడ పక్కన తప్ప పడుకునేవాడు కాదు..." పావోలా చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. "ఇక్కడికి వచ్చినప్పటి నుంచే ఈ ఏడుపు."

"ఆవిడ ఏం పాడేది?"

పావోలా సిగ్గుపడుతూనే ఒక జోలపాట ఎత్తుకుంది. షహనాజ్ ఒక ముక్క మళ్ళీ పాడమంది. తప్పు పాడి, తనే నవ్వి, సరైన మాట అడిగి తెలుసుకుని మళ్ళీ పాడింది. "పొద్దున తలుపు దగ్గర మీరు వెళ్ళిపోయేటప్పుడు నేను ఇది పాడతాను. వాడు ఏడుస్తాడు. ఏడవనివ్వండి. కానీ ఇంటి పాట విని ఏడుస్తాడు, ఒక్కడే ఏడవడు," అంది. తర్వాత మాట మీద మాట వచ్చింది. ఇంకో తల్లి తన కూతురు ఏమీ తినదంటే, ఎన్‌కార్నా లూసియాకు పప్పు ఎలా తినిపించిందో షహనాజ్ చెప్పింది. కాఫీలు తాగడం అయిపోయింది. పాత షహనాజ్ అయితే కప్పులు ఎత్తేసి ఉండేది. ఆమె చేతులు ఒడిలోనే ఉన్నాయి. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, "ఇంకా చెప్పండి, మీ అత్తగారిది ఏ ఊరు?" అంది పావోలాతో.

బయట సుభాషిణికి కాలు నిలవలేదు. ఆ గది ఇంకెవరికో కావాలి. తలుపు సందులోంచి తొంగిచూస్తే పావోలా చెయ్యి ఊపి, ఇంకొంచెం సేపు ఆగమంది. మరోసారి చూసినా అదే. చివరికి తలుపు తెరుచుకుని ముగ్గురు తల్లులూ నవ్వుకుంటూ బయటికి వచ్చారు. పావోలా షహనాజ్‌ను దగ్గరకు తీసుకుని రెండు చెంపలకూ ముద్దు పెట్టి, సుభాషిణితో ఇంగ్లీషులో ఒక్క మాట అంది: "ఈమెను తరగతిలోకి పంపడానికి సెప్టెంబరు దాకా ఆగాలా?"

"ఏంటండీ షహనాజ్ గారూ ఇది," అంది సుభాషిణి, కళ్ళు చెమరుస్తుంటే కోపం నటిస్తూ, "పరీక్షకు పంపిస్తే పేరంటం చేసొచ్చారు!"

"నేనేం చెయ్యలే మేడమ్. ఉత్తగనే కూసున్న."

ఆ మధ్యాహ్నం పిల్లలంతా వెళ్ళిపోయాక షహనాజ్ చీపురు గోడకు ఆనించి, ఖాళీ తరగతి గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీలో కూర్చుంది. ఎవరూ లేవమనలేదు. "అల్‌హమ్‌దులిల్లా" అంది. ఆ తర్వాత నల్లబల్లను, కిటికీని, రంగు పెన్సిళ్ళను చూసి వేటి పేరూ చెప్పలేదు.

శుక్రవారం మార్తా పెద్ద భోజనం పెట్టింది. అద్నాన్‌ను కూడా పిలిచారు. ఇన్నాళ్ళూ తల్లీకొడుకులు శుక్రవారం సాయంత్రాలు ఫరీజ్ బిన్ మహమూద్‌లో కలిసేవాళ్ళు. ఆమె తెచ్చింది వాడు నిలబడే తినేసి, చెయ్యి కడుక్కుని, "కస్టమర్ ఉన్నడు అమ్మీ" అంటూ పరుగెత్తేవాడు. ఇవాళ తల్లి ఆ పరాయి భాషలో ముసలామెతో వాదులాడుతూ, నవ్విస్తూ ఉంటే వాడు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి చూశాడు. "అమ్మీ, నువ్వేనా?" అన్నాడు ఒకసారి.

భోజనం అయింది. అద్నాన్ లేచి కొళాయి దగ్గర చెయ్యి కడుక్కుని, ప్యాంటు జేబులోంచి ఫోను తీసి చూసుకుని, "అమ్మీ, నేను పోతనే..." అన్నాడు. బల్ల దగ్గర ఎన్‌కార్నా, మార్తా, అందరూ కథ మొదలవ్వాలని చూస్తున్నారు. షహనాజ్ పక్క కుర్చీని కొంచెం బయటికి లాగింది.

"బేటా, ఇన్నేండ్ల నిన్ను నేను ఏది అడగలె. ఇయ్యాల ఒక్కటి అడుగుత, కాదనకు. దుకాణం ఆడనే ఉంటది. చెయ్యి కడుక్కున్నవు గద, మంచిగైంది. ఇగ మళ్ళ వచ్చి నా పక్కన జర సేపు కూసో."